లేవని కుడిచెయ్యి

అబద్ధపు ప్రమాణాలకు కొత్త చట్టం వచ్చిన ఏడాది. ఐర్లండ్‌లోని మేయో జిల్లాలో బ్రీజ్ వంటింట్లో, ఆమె మరిది కోల్మన్ కట్టు కట్టిన కాలిని కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాడు.

"చూశావా లేదా వదినా? అదొక్కటి చెప్పు."

"టీ చల్లారిపోతోంది, తాగు."

"టీ ఎక్కడికీ పోదు. లారీ నా సైకిల్‌ని గుద్దింది నీ గుమ్మం ముందే. అది ఎంత జోరుగా వచ్చిందో చూసింది నువ్వొక్కదానివే. నేనే నడిరోడ్డు మీదికి వచ్చానంటున్నారు వాళ్ళు."

"చూశాను కోల్మన్. ఆ మలుపులో దెయ్యం తరిమినట్టు వచ్చింది."

"మరింకేం! అదే కోర్టులో చెప్పు."

"చెప్పొచ్చు. చెబితే, ఎక్కడి నుంచి చూశావమ్మా అంటారు."

"కిటికీలోంచి అను."

"కిటికీకి చెట్ల కంచె అడ్డం. లారీ వాళ్ళ లాయరు వచ్చి ఫొటోలు కూడా తీసుకుపోయాడు."

"పోనీ, గుమ్మంలోంచి అను."

"అనూ, అనూ అంటావేం? ఇప్పుడు ప్రమాణం చేసి అబద్ధమాడితే పదేళ్ళ దాకా జైల్లో వెయ్యొచ్చట. మన రోజుల్లో చర్చిలో ఫాదర్ చెవిలో చెప్పుకుంటే మూడు మేరీ జపాలతో పోయేది."

"నువ్వు చెప్పేది నిజమే కదా, నీకెందుకు భయం?"

"నిజం చెప్పడానికే భయం. కొట్టువాళ్ళ మీద నేను వేసిన భుజం కేసు సంగతి తెలుసుగా?"

"కొట్లో తడినేల మీద జారిపడ్డావు. అది ఊరందరికీ తెలుసు."

"పడ్డ మాట నిజం. ఆరు వారాలు నొప్పెట్టిన మాటా నిజం. ఏడో వారం, ప్రమాణాలు చేయించే కమిషనర్ ముందు బైబిల్ పట్టుకుని, కుడిచెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు, ఇక ఎప్పటికీ లేవదు అని సంతకం పెట్టాను."

"ఏ చేత్తో పట్టుకున్నావు బైబిల్?"

"కుడిచేత్తోనే. పైకెత్తి మరీ. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, నా అదృష్టం."

"నవ్వించకు వదినా, కాలు లాగుతోంది."

"నవ్వు, నవ్వు. అసలు నవ్వాల్సింది నన్ను చూసి నేను. ఇంట్లో చూడ్డానికి నరపురుగు కూడా లేకపోయినా, అటక మీది డబ్బా చీపురుకట్టతో దింపుకుంటున్నాను. ఈ జిల్లా మొత్తంలో నా అబద్ధాన్ని పూర్తిగా నమ్మింది నేనొక్కదాన్నే."

"అయితే ఆ రోజు..."

"ఆ రోజు ఎండ కాసింది. వాన వదలని మేయోలో ఎండ కాస్తే మనిషికి బుద్ధుంటుందా? నిచ్చెనేసుకుని, రెండు చేతులూ పైకెత్తి, పక్కగోడకి సున్నం కొడుతున్నాను. అక్కణ్ణుంచే చూశాను లారీని."

"ఈ టీ చల్లారిపోయింది వదినా."

"టీ మాట సరే, నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను. నీ కేసెప్పుడు?"

"వచ్చే నెల. రాత్రంతా ఆలోచించాను. నా కేసు పోతే పోనీ. మీ అన్న ఉంటే, సొంత మరిది కోసం నిజం చెప్పలేని ముసల్దానివేం ముసల్దానివే అని తిట్టేవాడు. రేపు లాయరు దగ్గరికి పోదాం. నా ప్రమాణపత్రం వెనక్కి తీసుకుంటాను. నిచ్చెన సంగతీ, సున్నం సంగతీ, అంతా చెప్పేస్తాను."

"వద్దు వదినా."

"వద్దేమిటి? నా మీద జాలి పడకు."

"జాలి కాదు."

"పొద్దుట్నుంచి చెప్పు చెప్పు అని ప్రాణం తీశావు! నేను ఒక్కసారి మంచిదాన్నవుదామంటే అడ్డుపడతావేం?"

"నేనూ ప్రమాణం చేసి ఒక కాగితం మీద సంతకం పెట్టాను. చూపు రోడ్డు మీది నుంచి తిప్పలేదు, రోడ్డుకి నా వైపునే పోతున్నాను అని."

"పెడితే? నిజమేగా?"

"చెయ్యి లేవదన్న మా వదిన, నిచ్చెన మీద రెండు చేతులూ ఎత్తి సున్నం కొడుతుంటే, రోడ్డు చూస్తూ ఎవడు పోతాడు వదినా?"