నీళ్ళడుగున గోడ

రిజర్వాయర్ మధ్యలో రెండు చిన్న పడవలు దగ్గర దగ్గరగా ఆగి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి గాలం వేసుకుని కూర్చున్నాడు.

"ఇన్ని నీళ్ళుంటే, వచ్చి వచ్చి నా పక్కనే వెయ్యాలా అన్నయ్యా?"

"పెద్ద చేపలు గోడ వారన చేరతాయి. ఈ అడుగున మిగిలింది మనింటి గోడొక్కటే."

"అవునులే. ఇల్లు రెండు ముక్కలు చేసి, దగ్గరుండి కట్టించావుగా."

"ఇటుకలు అందించింది నువ్వేరా."

"ఊరు మునిగాక కప్పు పోయింది, గుమ్మాలు పోయాయి. అది మాత్రం చెక్కు చెదరలేదు. అబ్బా, నా గాలం దానికే తగులుకుంది!"

"గుంజకు, దారం తెగుతుంది. గట్టి గోడ."

"గట్టిదే. అందుకే అమ్మ పోయిన రోజు మీ వైపు నుంచి తను నన్ను పిలిచినా వినపడలేదు. వినపడితే పరిగెత్తుకొచ్చేవాణ్ణి. ఒట్టు."

"మరీ అంత గట్టిది కాదులే."

"అంటే?"

"ఆవిడ పిలిచినప్పుడల్లా నువ్వు టీవీ సౌండు పెంచడం మాకు వినపడింది."

తమ్ముడు దారం వదిలేశాడు.

"అమ్మక్కూడా."