పసుపు రాసిన తలుపు

జీవరాజు గురించిన అసలు నిజం నాకు చెప్పింది అచ్చాయమ్మ. కూర్చోమ్మా శ్రీదుర్గా, ఆ స్టూలిలా లాక్కో. పిడులూ మడత బందులూ ఎక్కడికీ పోవు, తర్వాత చూద్దాం. ఇందాక కొట్టులో అడుగు పెడుతూనే నువ్వొక మాటన్నావు. "యుగంధర్ గారూ, మా వంటింటి అలమరలకి మంచి సామాను చూపించండి, జీవరాజు పని కాకుండా ఉంటే చాలు" అన్నావు. అతను నవ్వాడు, నువ్వూ నవ్వావు. కల్తీ పనికి జీవరాజు పనని పేరు, మండపేట దాకా పాకిందన్నమాట ఆ మాట. ఎవరీ జీవరాజు అంటే ఇద్దరూ చెప్పలేరు. నీకు తెలుసా? "మా నాయనమ్మని చంపినవాడు" అంటావా. అవును, మీ ఇంట్లో అలాగే చెప్తారు. ఏడాదికోసారి బుల్లెమ్మగారి తద్దినం నాడు మీ నాన్న ఉదయభాస్కర్ విస్తరి ముందు కూర్చుని, "ఆ దొంగ వడ్రంగి ఇత్తడి మింగి ఇనుము కొట్టాడు, మా అమ్మని పొట్టన పెట్టుకున్నాడు" అనకుండా మొదటి ముద్ద ఎత్తడు. నేను విన్నాను. అదే పంక్తిలో కూర్చుని, ఆ ఇంటి అరిటాకులోనే గారెలు తిన్నాను కూడా. సరే, ముందు ఆ పిడి ఇలా ఇయ్యి. అది కాదు, పచ్చగా మెరుస్తోందే, అది. ఇదుగో, ఈ అయస్కాంతం పాత రేడియోలోంచి పీకింది, మొలతాడుకి కట్టుకు తిరుగుతాను. అంటుకుందా? అంటుకుంది. నిజమైన ఇత్తడికి అంటుకోదు. ఏమయ్యా యుగంధర్? "ఇత్తడి ఫినిషండి తాతగారూ, ఇత్తడని నేనెక్కడన్నానండి" అంటాడు చూడు. ఫినిషంట, లోపలంతా ఇనుమే. పక్కన పెట్టు.

మీ ఊరికి సముద్రం మూడు కోసులు. ఉప్పుగాలి ఇనుముని ఎలా తింటుందో నీకు వేరే చెప్పాలా, మీ దొడ్డి గేటు చూళ్లేదూ? అంచేత మీ తాతగారు చంద్రరావుగారు ఇల్లు కట్టించినప్పుడు, వంటింటి గోడ అలమరకి ఇత్తడి బందులూ ఇత్తడి మరలే వెయ్యాలన్నారు. అక్కడికి మంచి మాటే. తలుపులు మాత్రం కొత్తవి వద్దన్నారు. వాళ్ల నాన్నగారి పాత ఇంటి వీధి తలుపులు కోయించి, వాటినే అలమరకి పెట్టమన్నారు. టేకు, రెండంగుళాల మందం, మనిషెత్తు. ఒక్కో రెక్క ఎత్తాలంటే ఇద్దరం కావాలి. వంటింటి అలమరకి అంత బరువెందుకండీ అంటే, "మా నాన్న చేతులు పడ్డ తలుపు ఇంట్లో ఉండాలి" అన్నారు. ఆ పని జీవరాజుకిచ్చారు. నాకివ్వలేదు. నేనూ వడ్రంగినే, అప్పటికి ఇరవై నాలుగేళ్లవాణ్ణి, నా చేతిపని ఏమీ తీసిపోయింది కాదు. పోనీలే, ఆ మాట ఇప్పుడెందుకు.

మా పనిలో ఒక పద్ధతుంది, విను. ఇత్తడి మర మెత్తన. టేకులో నేరుగా తిప్పావంటే మెడ తెగి సగం కర్రలోనే ఉండిపోతుంది. అంచేత బరమాతో బెజ్జం వేసి, ముందు అదే కొలత ఇనప మర కొవ్వు రాసి తిప్పుతాం. అది దారి చేస్తుంది. తర్వాత దాన్ని తీసేసి ఇత్తడి మర వేస్తే వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఇది మేస్త్రీకే కాదు, పనిలో కొత్తగా చేరినవాడికీ తెలుసు. అయితే రాజమండ్రి నుంచి రావలసిన ఇత్తడి మరలు రాలేదు, గృహప్రవేశం వచ్చేసింది. జీవరాజు ఆ ఇనప దారి మరల మీదే తలుపులు నిలబెట్టి, "రేపో ఎల్లుండో మార్చేస్తానండి" అన్నాడు. మరలు ఆ రోజు మధ్యాహ్నానికే దిగాయి. అతను పొట్లం పట్టుకుని పరుగున వచ్చేసరికి పాలు పొంగాయి, అలమర తలుపులకి పసుపు రాసి బొట్లు పెట్టేశారు. చంద్రరావుగారు గుమ్మంలోనే ఆపారట. "పసుపు రాసిన తలుపయ్యా. ఏడాది తిరిగేదాకా మేకు కదపనివ్వను." ఇతను, "అయ్యగారండి, అవి ఉండాల్సిన మరలు కావండి, దారికేసినవండి" అన్నాడట. "ఏడాదికేం కాదులే, ఆ పొట్లం నాకియ్యి" అని తీసుకుని, పసుపు గుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టారు. ఇదంతా అచ్చాయమ్మ కళ్లారా చూసింది. ఆవిడ మీ తాతగారింట్లో వంటమనిషి. పాలు పొంగించిన పొయ్యి దగ్గరే కూర్చుందాయె.

ఏడాది తిరిగింది. జీవరాజు బరమా భుజాన వేసుకొచ్చాడు. అప్పటికి బుల్లెమ్మగారు కడుపుతో ఉన్నారు, మీ నాన్న కడుపులో. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో మేకు కొట్టకూడదు, మేకు తీయకూడదు. అది నీకూ తెలుసు, నేనూ ఒప్పుకుంటాను. జీవరాజే అన్నాడట, "నిజమేనండి, పురుడయ్యాక వస్తానండి" అని. పురుడయ్యాక మళ్లీ వచ్చాడు. ఈసారి చంద్రరావుగారు అరుగు మీద నలుగురితో పేకాడుతున్నారు. "ఏరా, పనుల్లేక మా తలుపుల చుట్టూ తిరుగుతున్నావా? గట్టిగానే ఉన్నాయిగా" అన్నారు. నలుగురూ నవ్వారు. జీవరాజు బరమా భుజానేసుకుని వెళ్లిపోయాడు. ఇక రాలేదు. రావలసింది. తిడితే తిట్టనీ, మళ్లీ రావలసింది. అభిమానం. మా కులవృత్తిలో అది ఉలికంటే ముందు పట్టుకుంటాం.

మీ నాన్నకి పదకొండో నెల. బుల్లెమ్మగారు పిల్లాణ్ణి చాప మీద కూర్చోబెట్టి, పై అరలో ఆవకాయ జాడీ కోసం కుడి రెక్క తెరిచారు. పై బందు మరలు తెగి ఊడొచ్చింది. ఆ బరువుకి నడిమిదీ ఊడింది. కింది బందు మీద తలుపు ఒరిగి, ఆవిడ మీదికొచ్చింది. ఆవిడ పక్కకి దూకొచ్చు. దూకలేదు. పక్కన పిల్లాడున్నాడు. అచ్చాయమ్మ బియ్యం చేట పారేసి వచ్చేసరికి, ఆవిడ రెండు చేతులూ చాప వైపు చాచి ఉన్నాయట. మీ నాన్న ఒంటి మీద గీత పడలేదు. ఆ సంగతి మీ నాన్నకి ఎవరూ చెప్పలేదనుకుంటా. చెప్పి ఉంటే ముద్ద దిగేది కాదు.

పన్నెండో రోజు వెళ్లాక వాకిట్లో పెద్దలు కూర్చున్నారు. నన్ను పిలిపించారు. "పల్లంరాజూ, నువ్వు వడ్రంగివి, చూసి చెప్పు." చూశాను. మరల తలలు వేలితో తోస్తే రాలాయి, లోపల ఎర్రటి పొడి. "ఇనపవా, ఇత్తడివా?" ఇనపవండి అన్నాను. "ఇత్తడికి ఒప్పుకుని ఇనపవెందుకు వేస్తాడు?" జీవరాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు. "పొట్లం మీ చేతికే ఇచ్చానండి అయ్యగారూ" అంటే, చంద్రరావుగారు తలెత్తకుండా "ఏ పొట్లం?" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదమ్మా. భార్యని తన మాటే చంపిందని ఏ మగాడు ఒప్పుకుంటాడు? ఆ నిజం మోయలేక దాన్ని ఇంకొకడి నెత్తిన పెట్టాడు. అచ్చాయమ్మ తలుపు చాటున ఉంది, ఉప్పు తిన్న ఇల్లు, నోరెత్తలేదు. ఇక జీవరాజు నా వంక చూశాడు. ఒక్క మాట. "ముందు ఇనపవే వేస్తాం అయ్యా, ఎవరమైనా" అని ఒక్క మాట అంటే చాలు. పొట్లం సంగతి నాకు తెలీదు, అది నిజం. పద్ధతి తెలుసు. నేనేమన్నానో తెలుసా? "వేసినవాణ్ణే అడగండి" అన్నాను.

ఎందుకన్నానంటావు. తణుకులో ఒక పెళ్లివారికి పందిరిమంచం చేశాను, అంతకు రెండేళ్ల ముందు. జీవరాజు నలుగురిలో నా అతుకు మీద గోరు పెట్టి, "దూరుతోంది పల్లంరాజూ" అన్నాడు. కర్ర సరిగ్గా ఆరలేదు, అందుకే అతుకు బిగవలేదు, నా తప్పు కాదు. ఇప్పుడు తెచ్చి చూపించినా చెప్తాను, నా తప్పు కాదు. ఆ గోరు మాట మనసులో పెట్టుకున్నాను. అందుకే అన్నాను. ఇంకేం లేదు, అంతే కారణం.

ఆ తర్వాత అతనికి ఎవరూ పీట కూడా చెయ్యమనలేదు. ఇదే మండపేటలో బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఆ చేతులతో. ఒకసారి మిల్లు గేటు దగ్గర ఎదురుపడ్డాను. తిడతాడనుకున్నాను. నా చేతిలో కొత్త ఉలి ఉంటే తీసుకుని, పదును చూసి, "బాగుంది" అని ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఆరేళ్లకి దగ్గుతో పోయాడు. అతని పెళ్లాం రామతులసి బరమా పట్టుకొచ్చి మా గుమ్మంలో పెట్టింది. "నీకియ్యమన్నాడు" అంది. మంచినీళ్లు కూడా తాగలేదు. ఆ బరమాతోనే నేను ముప్పై ఏళ్లు పని చేశాను. అంతకంటే మంచిది ఈ జిల్లాలో లేదు.

మీ తాతగారు పోయాక అచ్చాయమ్మ నాకీ పొట్లం సంగతి చెప్పింది. నేను అప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నాకు ఎనభై ఆరేళ్లొచ్చాయి. ఆవిడా పోయింది. నాకు సంతకం దాకానే వచ్చు, రాసిపెట్టలేను.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. మీ పుట్టింట్లో దేవుడి గూట్లో, లక్ష్మీదేవి పటం వెనక పసుపు గుడ్డ మూట ఉందా? ఉందా. పండగకి పండగకి కుంకుమ పెడతారా. తాతగారు కట్టింది, విప్పకూడదన్నారా. మరే, అనక.

ఇంకో పదిరోజుల్లో తద్దినం కదా. నువ్వెళ్లి ఆ మూట విప్పు. మీ నాన్న విస్తరి పక్కనే కుమ్మరించు, అందరూ చూడాలి. ఇత్తడి మరలు మూడు డజన్లుంటాయి, లెక్క పెట్టుకో. ఇదుగో, ఈ అయస్కాంతం పట్టుకెళ్లు. ఒక్కటి కూడా అంటుకోదు. మీ నాన్న ఆ మాట ఎత్తబోతే ఆపి, జీవరాజు దొంగ కాదని చెప్పు. వాకిట్లో నిజం తెలిసీ చెప్పనివాడు పల్లంరాజని, అతనే పంపాడని, పేరు పెట్టి చెప్పు. ఈ ఒక్కటీ సరిచెయ్యి తల్లీ.