భీవండి నుంచి కోమటిచెరువు దాకా ఒకటే గుడ్డ

గజేందర్ చాయ హోటల్లో రాజనర్సు మాట్లాడితే రోడ్డవతల కిరాణా దుకాణంలో కూడా వినిపిస్తుంది. కోపమొచ్చి కాదు. ముప్పై ఏళ్లు భీవండిలో మరమగ్గాల మధ్య బతికిన మనిషి, మెల్లగా మాట్లాడడం ఎప్పుడో మరిచిపోయాడు. సిద్దిపేటకు తిరిగొచ్చి చాలా కాలమైనా ఆయన చెవుల్లో ఆ మగ్గాలు ఇంకా ఆగలేదు. ఇక నోరు ఆగడమన్న ప్రశ్నే లేదు.

ఆదివారం సాయంత్రమైతే ఆయన దర్బారు అక్కడే. హోటల్ పక్కనే కొండవ్వ ఉడకబెట్టిన పల్లికాయ గంప ముందు పెట్టుకొని కూచుంటుంది. ఆమె కూడా ఒకప్పుడు భీవండిలోనే ఉండేది. మొగుడూ తనూ కలిసి అక్కడ మగ్గాల మీద పనిచేసే మనవాళ్లకు బిస్సీ నడిపారు, అంటే నెల లెక్కన రెండు పూటలా బువ్వ పెట్టేవాళ్లు. రాజనర్సు కోసే కోతలు ఆమె ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. ఒక్కనాడూ కాదనలేదు. ముసలాయన సంబరం మనకెందుకు చెడగొట్టడం అన్నట్టు పల్లికాయ ఒలుచుకుంటూ వినేది.

ఆ రోజు సాహితి కూడా వచ్చి బల్లమీద కూచుంది. రాజనర్సుకు అన్న మనవరాలు. ములుగు దగ్గర, హైవే పక్కన, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మొన్నీమధ్య అక్కడికి కంప్యూటర్ తెరలున్న కొత్త మిషిన్లు వచ్చాయి. వాటిమీద అందరికంటే ముందు చెయ్యి తిరిగింది సాహితికే. దాంతో మేనేజర్ పిలిచి, రేపు సోమవారం నుంచి లైను మొత్తానికి నువ్వే లీడర్ అన్నాడు. సరేనో కాదో ఆదివారం చీకటి పడేలోగా చెప్పమన్నాడు. ఆమె కాదంటే హైదరాబాద్ నుంచి ఎవరినో తెచ్చుకుంటారట, ఈ అవకాశం మళ్లీ రాదట. లైనులో ఉన్నవాళ్లంతా ఆమెకంటే పెద్దవాళ్లు. మొదటి రోజు సూదిలోకి దారం ఎక్కించడం నేర్పిన రోజారాణి కూడా అదే లైనులో ఉంది. పాపం పిల్ల, రెండు రోజులుగా ఫోన్లో కోటు వేసుకున్న ఒకాయన చెప్పే నాయకత్వ లక్షణాలన్నీ వింటోంది. విన్నకొద్దీ ఉన్న ధైర్యం కూడా పోతోంది.

"తాతా, నువ్వు మేస్త్రిగ చేసినవు గద. లీడరంటే అన్ని పనులు రావాలె గద? నాకు కాలర్ మిషిన్ రాదు, ఇస్త్రీ రాదు. వాళ్ల పని నాకే రాకపోతే వాళ్లకు నేనేం చెప్త?" అని అడిగింది.

అడక్క అడక్క ఈయన్నే అడిగింది. రాజనర్సు సాసర్లో మిగిలిన చాయ ఒక్క గుటకలో తాగేసి, లుంగీ సర్దుకొని, గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఎంత దూరం పోతుందో గజేందర్‌కు తెలుసు. పొయ్యి మంట తగ్గించి తనూ ఒక స్టూలు లాక్కున్నాడు.

"లీడరా? గా కోటేసుకున్నాయనకేం ఎర్క బిడ్డా, ఆయనెన్నడన్న మగ్గం నడిపిండా? నేను చెప్త ఇను. నేను సికింద్రాబాద్‌ల రైలెక్కిననాడు నాకు మీసం గూడ సక్కగ మొలవలే. భీవండిల ఒక్క ఖోలీల పదిమందిమి. పగటి పనోళ్లు రాత్రి పండాలె, రాత్రి పనోళ్లు పగలు పండాలె, చాప మాత్రం అదే, అదెన్నడు సల్లగయ్యేదే కాదు. ఇగ కార్ఖానలకు పోతే ఏమున్నది, ఒకటే సప్పుడు. నోటితోని మాట్లాడితే ఎవనికి ఇనవడది, అంత చేతులతోనే. దారం తెగిందంటే గిట్ల, చాయ తాగుదమంటే గిట్ల, సేటు వస్తుండంటే గిట్ల..."

"సేటు వస్తుండన్నది నాగ్గూడ నేర్పు కాకా. మా ఇంట్లామె వచ్చేటప్పుడు పనికొస్తది," అన్నాడు గజేందర్.

"నడుమ మాట్లాడకురా. అందరు నాలుగు మగ్గాలు నడిపితే నేను ఆరు నడిపిన. ఆరంటే ఆరే, అబద్ధమాడి ఏం కట్టుకపోత? సేటు చూసిండు. ఈ పొల్లగాడు మామూలోడు కాదని నన్ను మేస్త్రిని చేసిండు. ఇగ గాన్నించి చూడు. షెడ్డు నడుమ నిలబడి కండ్లు మూసుకుంటే సాలు, ఏ మూలకు ఏ మగ్గం దగ్గుతుందో, ఏ నట్టు వదులైందో చెప్తుంటి. ఉరికి పోయి నా చేత్తోనే సక్క చేస్తుంటి."

"అన్ని మగ్గాలా తాతా?"

"అన్ని. నాకు రాని పని ఆ షెడ్డుల లేకుండె."

సాహితి ఫోను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. రాజనర్సు అది చూసేంత తీరికలో లేడు, ఆయన అప్పటికే భీవండి చేరిపోయాడు.

"ఆ దినాలే వేరు బిడ్డా. ఆదివారమొస్తే కొండక్క బిస్సీల కోడికూర. ఆ గల్లీల ఈ కొసకెళ్లి ఆ కొసకు నడిస్తే అన్ని మన మాటలే, దుబ్బాకోడు, కొండపాకోడు, గజ్వేలోడు. ఒకని ఇంటికాన్నించి పచ్చడి వస్తే అది పదిమందిది. బతుకమ్మకు ఆడ పువ్వులు దొరకకపోతే మనాడోళ్లు రంగు కాయిదాలు కత్తిరిచ్చి పేర్చిండ్రు. అవునా అక్కా?"

"అవును తమ్మీ. గునుగు పువ్వు లేని బతుకమ్మేందని ఏడుసుకుంట పేర్చిన నేను," అంది కొండవ్వ. ఒక్క క్షణం ఆమె చేతిలోని పల్లికాయ ఒలవకుండా అట్లాగే ఉండిపోయింది. ఆ గల్లీ ఇప్పుడు ఎట్లా ఉందో, ఆ మనుషులు ఎక్కడున్నారో ఇద్దరికీ తెలియదు. తెలియనందుకు ఇద్దరికీ బాధగానే ఉంది.

"గట్ల నడుస్తుండంగ, ఆనెంకేమైందో ఎర్కేనా? సేటు కొత్త మగ్గాలు తెప్పిచ్చిండు. లారీలల్ల దిగినయి. గవిటిని చూసి పనోళ్లంత బెదిరిన్రు, ఇవి మన కడుపు కొడ్తయని సంచులు సదురుకున్నరు. అదే దినం పెద్ద ఆర్డర్. తెల్లారేసరికి గుడ్డ లారీ ఎక్కాలె, లేకుంటె కార్ఖాన మూతే. సేటు నెత్తికి చేతులు పెట్టుకున్నడు. నేనేమన్న? అందరు గోడకు నిలబడి చూడుండ్రి, నేనొక్కన్ని సాలు అన్న. కుడి చేత్తోని ఒక వరుస, ఎడమ చేత్తోని ఒక వరుస. కాళ్లతోని ఇంకో రెండు వరుసలు. తెగిన దారాలు పండ్లతోని ముడేసిన."

"ముక్కు ఒక్కటి ఖాళీగున్నట్టుంది కాకా."

"ఊపిరి పీల్చుకోవద్దారా? గట్ల నడుస్తుంటే కరెంటు పాయె. అంత చీకటి. సేటు ఇగ నా బతుకు ఆగమైందని కిందవడ్డడు. నేను ఈల వేసిన. మగ్గం సప్పుడుకు సరింగ ఒక ఈల. ఆ గాలికి దారం మోసే నాడె లేచి అటు ఉరికింది. మళ్లొక ఈల, ఇటు ఉరికింది. షెడ్డు షెడ్డంత నా ఈల మీద నడిచింది. గిప్పుడు గాలితోని నడిచే మగ్గాలు వచ్చినయంటరు గద? గా గాలి ఎవ్వనిదనుకున్నరు? జపానోళ్లు వచ్చి నా ఈలను డబ్బాల పట్టుకపోయిన్రు. మూత తియ్యనీకె వాళ్లకు ఇన్నేండ్లు పట్టింది."

గజేందర్ నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. చాయ తాగడానికొచ్చిన ఆటో డ్రైవర్ ఒకతను గ్లాసు ఖాళీ అయినా కదల్లేదు.

"ఇగ ఆపుదమంటే మగ్గాలు ఆగవు. షెడ్డు నిండింది. గుడ్డ తలుపు దుంకి గల్లీలకు వచ్చింది. ఎర్రగుడ్డ. కళ్యాణ్ కాడ పట్టాలు దాటుతుంటే గార్డు జెండా అనుకొని బండి ఆపిండు. పుణె దాటింది. సోలాపూర్ల మనోళ్లే ఉన్నరు గద, వాళ్లు జర ముడతలు సాపు చేసి ముందుకు తోలిన్రు. జహీరాబాద్, సంగారెడ్డి, ఇగ సక్కగ మన సిద్దిపేట కోమటిచెరువు కట్టకు వచ్చింది. ఆడ మా అవ్వ బట్టలు ఉతుకుతుంది. గుడ్డ కొస పోయి ఆమె కాళ్లకాడ ఆగింది. అవ్వ అంచు పట్టి చూసింది. ‘ఇది మా నర్సుగాని చెయ్యి’ అన్నది. కొస పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. ఆడ భీవండిల నా చెయ్యి కదిలింది బిడ్డా. అవ్వ ఇంటికి రమ్మంటున్నదని నాకు సమజైంది."

ఇంత పెద్ద అబద్ధానికి ఎవరూ నవ్వలేదు. ఆ కన్నతల్లి పోయినప్పుడు రాజనర్సు భీవండిలోనే ఉన్నాడని, రైలు దిగి వచ్చేసరికి అంతా అయిపోయిందని గజేందర్‌కు, కొండవ్వకు, సాహితికి తెలుసు. ఆయన ఖాళీ సాసరు ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. కానీ కోతలకు అలవాటుపడిన నోరు ఎంతసేపు ఊరుకుంటుంది?

"సేటు వచ్చి నా కాళ్ల మీద వడ్డడు. కార్ఖాన నీ పేరు మీద రాస్తనన్నడు. నాకద్దు, మా అవ్వ రమ్మంటుందన్న. గది లీడరంటే."

"మరి గంతమంది పనోళ్లు గప్పుడు ఏం చేస్తున్రు తాతా?" అంది సాహితి.

"ఏం చేస్తరు? చేతులు కట్టుకొని చూస్తున్రు. లీడరనేటోనికి అన్ని పనులు తనకే రావాలె బిడ్డా. ఒక్కటి రాకున్నా ఎవ్వడు ఖాతర్ చెయ్యడు."

గుడ్డ సోలాపూర్ దాకా పోయిందంటే నమ్మడానికి సాహితి పసిపిల్ల కాదు. కానీ షెడ్డులో ప్రతి మగ్గం పనీ తాతకు వచ్చునన్నది మాత్రం నమ్మింది. ఆమెకు కావలసింది ఆ ఒక్క సంగతే, అదే ఆమెను ముంచింది. ఎండ తగ్గి హోటల్ ముందు నీడలు పొడుగయ్యాయి. మేనేజర్ చెప్పిన గడువు దగ్గరపడింది.

"నాతోని కాదు అవ్వా. సార్‌కు ఫోన్ జేసి వద్దని చెప్పేస్త," అంది కొండవ్వతో. కళ్లలో నీళ్లు కనపడకుండా తల వంచుకొని నంబరు వెతకసాగింది.

కొండవ్వ పల్లికాయ గంప పక్కకు జరిపింది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ చెయ్యని పని ఆ రోజు చేసింది.

"ఆగు బిడ్డా. తమ్మీ, ఆ పెద్ద ఆర్డర్ దినం మీరు బువ్వకు రాలేరని నేనే గంప నెత్తిన పెట్టుకొని కార్ఖానకు వచ్చిన. యాదికున్నదా?"

"ఎందుకు లేదక్కా."

"తినేముందు అందరు చేతులు కడుక్కున్నరు. మోచేతుల దాక నూనె, మడ్డి. నేను తెచ్చిన సబ్బు ఒడిసిపోయింది. నీ ఒక్కని చేతులే తెల్లగ మెరుస్తుండె. ఒక్కనివే అన్ని మగ్గాలు నడిపినోనివి, నీ చేతులకు నూనె ఎందుకంటలే తమ్మీ?"

ఆటో డ్రైవర్ పకపకా నవ్వాడు. గజేందర్ నవ్వబోయి, రాజనర్సు ముఖం చూసి ఆగిపోయాడు. గాలి తీసిన ట్యూబులా కూచున్నాడు పెద్దమనిషి. ఏదో అందామని నోరు తెరిచాడు, ఈల కూడా రాలేదు.

"మరి తాత ఏం చేసిండవ్వా ఆ దినం?" అంది సాహితి.

"ఏం చేస్త? ఏం చెయ్యలే," అన్నాడు రాజనర్సు నేల చూస్తూ.

"ఏం చెయ్యలేదా? సంచులు సదురుకున్నోళ్ల దగ్గరికి ఒక్కొక్కని దగ్గరికి పోయిండు బిడ్డా. కొత్త మగ్గం ఈయనకు గూడ రాదు, ఎవ్వనికి రాదు. ‘నాగ్గూడ రాదు’ అని ఉన్నదున్నట్టే చెప్పిండు. నీకేం వస్తది, నీకేం వస్తదని అందరినడిగిండు. సప్పుడు ఇని తప్పు పట్టేటోన్ని ఒక జాగల పెట్టిండు, ముడి తొందరగ వేసేటోన్ని ఒక జాగల, కండ్లు సురుకున్నోన్ని ఒక జాగల. తను నడుమ నిలబడ్డడు. ఎవడు చెయ్యెత్తితే అటు పోయి, వానికి ఎవడు అక్కరనో వాన్ని తోలుకొచ్చిండు. తెల్లారేసరికి లారీ నిండింది. ఎవ్వడు ఊరికి పోలే. గంతే."

"గదేం కథ అక్కా," అన్నాడు రాజనర్సు. ఆయన గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని గజేందర్‌కు ఆ రోజే తెలిసింది. "నిలబడ్డడు, అడిగిండు అని చెప్తే ఎవడింటడు?"

 చేసిన మంచి పని చెప్పుకోవడానికి చిన్నగా ఉందనుకొని, పాపం, అంత పొడుగు గుడ్డ నేశాడు మనిషి.

సాహితి కళ్లు తుడుచుకొని లేచి రెండడుగులు పక్కకు వెళ్లి ఫోను చెవికి పెట్టుకుంది. "సార్, సాహితిని. రేపటి సంది లైను నేను చూసుకుంట సార్... లేదు సార్, కాలర్ మిషిన్ నాకు రాదు. రోజారాణక్కకు వస్తది. ఇస్త్రీ ఎవరికి బాగొస్తదో పొద్దుగాల పోంగనే అడుగుత."

ఆమె వచ్చి మళ్లీ బల్లమీద కూచుంది. గజేందర్ అడక్కుండానే ఇంకో చాయ తెచ్చి రాజనర్సు ముందు పెట్టాడు. ఆయన దాన్ని ముట్టుకోకుండా కొండవ్వ వైపు జరిగాడు.

"అక్కా, ఆ దినం ముచ్చట జర ఇంకోపాలి చెప్పు. పొల్ల ఫోన్ల వడి సగమే ఇన్నది."