శాంతయ్య అసలు వయసు

వేదిక మీద ఉన్న పెద్దలారా, వేదిక మీద కుర్చీ దొరకక కింద కూర్చున్న పెద్దలారా, చేవెళ్ల నుంచి, మొయినాబాద్ నుంచి, కొండకల్ నుంచి పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులారా, ముందు చాపల మీద ఒద్దికగా కూర్చున్న నా పిల్లలారా,

ఈ బడికి హెడ్‌మాస్టరుగా ఉండిన శాంతయ్య పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. కనకమామిడి బడిలోని ఈ భోజనాల హాలులో ఆయన లేకుండా ఇంతమందిమి కూర్చోవడం ఇదే మొదటిసారి. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. నా దగ్గర అక్షరాలు దిద్దినవాడికి నేను సంతాపం చెప్పడం వరస తప్పిన పని. కానీ వరస గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ మైకు అడిగి తీసుకున్నాను.

నన్ను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు నిర్మల. ముప్పై ఆరేళ్లు చేవెళ్ల చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. పిల్లలు నన్ను టీచరమ్మ అంటారు. పెద్దవాళ్లు నా వెనక ఏమంటారో నాకు తెలుసు. దాన్ని ఇక్కడ చెప్పను.

వెనక కట్టిన ఫ్లెక్సీ ఒకసారి చూడండి. దాన్ని వేయించిన నాయకుల ముఖాలు శాంతయ్య ముఖం కన్నా పెద్దగా వచ్చాయి. సరే, అది కొత్తేమీ కాదు. శాంతయ్య బొమ్మ కింద పుట్టిన తేదీ వేశారు. పంతొమ్మిది వందల అరవై నాలుగు, జూన్ ఒకటి. ఆ తేదీ తప్పు. ఫ్లెక్సీ వేసినవాళ్లను ఏమీ అనకండి. వాళ్లు సర్టిఫికెట్ చూసి వేశారు. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు బడి రిజిస్టరు చూసి ఇచ్చారు. రిజిస్టరులో ఎవరు రాశారు? నేను రాశాను.

శాంతయ్య పుట్టింది అరవై ఆరు ఏప్రిల్‌లో, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు. వాళ్ల చర్చి పుస్తకంలో ఉంది. నేను ఆయన్ని ఇరవై రెండు నెలలు పెద్దవాణ్ని చేశాను.

ఎందుకు చేశాను? అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఉద్యోగం కొత్త, గర్వం ఇంకా కొత్త. ఇదిగో, ముందు కూర్చున్న సుగుణమ్మ శాంతయ్యకు అక్క. అప్పుడు రెండో తరగతి. వాళ్లమ్మ ధనమ్మ పొద్దున్నే కూలికి పోయేది. తమ్ముణ్ని చూసేవాళ్లు లేక సుగుణమ్మ వాణ్ని చంకన వేసుకుని బడికి వచ్చేది. అక్క పలక మీద తప్పు లెక్క కనిపిస్తే చాలు, వాడు మోచేత్తో తుడిచేసి సరైన జవాబు గీకేవాడు. అక్క వీపు మీద ఒకటి వేసేది. ఏడ్చేవాడు. ఏడుస్తూనే కింది లెక్క కూడా దిద్దేవాడు.

తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, రిజిస్టరులో పేరు లేని పిల్లవాడు తరగతిలో కనిపించొద్దన్నారు హెడ్‌మాస్టరు. వాడు ఇంటికి పోవాలంటే అక్క కూడా పోవాలి. ఇద్దరి చదువూ ఆ ఒక్క రోజుతో ముగిసిపోయేది. అక్క పక్కనే రెండో తరగతిలో వేయడానికి ఆరేళ్లు నిండాలి. వాడికి నాలుగేళ్ల రెండు నెలలు. నేను రిజిస్టరు తీసి ఆరు నిండినట్టు రాసేశాను. ఆ రోజుల్లో మా రిజిస్టరు ప్రకారం ఊళ్లోని పిల్లలంతా జూన్ ఒకటినే పుట్టేవారు. తల్లులంతా మాట్లాడుకుని ఒకే రోజు కనేవారన్నమాట. ఇన్‌స్పెక్టర్లు కూడా నమ్మేవారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను. పదమూడేళ్లకే పదో తరగతి పాసయ్యాడని, పదిహేనేళ్లకే డిగ్రీలో చేరాడని, అంతటి బుర్రకు దారి వేసింది నా పెన్నేనని. ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు. నేనే చెప్పుకున్నాను.

నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఎనిమిదో తరగతిలో వాణ్ని దూరంగా ఒక రెసిడెన్షియల్ బడిలో చేర్పించారు. వాడి వయసు పదేళ్లు, కాగితం మీద పన్నెండు. కాగితం చూసి పెద్దపిల్లల గదిలో వేశారు. పెద్దపిల్లలు మోసే నీళ్ల బకెట్లు మోయించారు. పక్క తడిపితే అందరి ముందూ దుప్పటి ఆరేయించారు. అమ్మ దగ్గరికి పోతానని ఏడిస్తే అక్కడి వార్డెన్ అన్నాడట: "పన్నెండేండ్లు నెత్తి మీదికొచ్చినయ్, ఇంక అమ్మేందిరా నీకు?"

నాకు పదేళ్లే సార్ అని ఆ పిల్లవాడు అనగలడా? అంటే సీటు పోతుంది. సీటు పోతే చదువు పోతుంది. అందుకని పదేళ్ల వయసును ఎవరికీ కనబడకుండా దాచుకుని మూడేళ్లు గడిపాడు. అబద్ధం ఆడింది నేను. మోసింది వాడు.

ఈ సంగతి నాకు ఎప్పుడు చెప్పాడు? పోయిన ఏడాది మే ముప్పై ఒకటిన. ఇదే హాలులో ఆయనకు శాలువా కప్పి, అరవై ఒకటి నిండాయని ఇంటికి పంపించిన రోజున. అప్పటికి ఆయనకు యాభై తొమ్మిది. ఇంకా రెండేళ్లు ఈ పిల్లల మధ్య ఉండాల్సినవాడు. నా పెన్ను తీసుకున్న ఇరవై రెండు నెలలు ఆయన జీవితంలో రెండుసార్లు పోయాయి. ఒకసారి చిన్నతనంలో నుంచి, ఇంకోసారి ఉద్యోగంలో నుంచి.

సభ అయ్యాక దగ్గరికి వెళ్లి, తప్పు చేశాను శాంతయ్యా అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం అరుదు, మా ఇంట్లోవాళ్లను అడగండి. అప్పుడు చెప్పాడు ఆ హాస్టలు సంగతి. చెప్పి, నా చెయ్యి పట్టుకుని అన్న మాటలు ఇవి: "టీచరమ్మా, మీరు రాయకుంటే నేను ఇయ్యాల గిట్ల నిలబడకపోదును. రాసిండ్రు గాబట్టే సారునైన. కని ఇంకో పిల్లకు రాయకుండ్రి."

ఆ మాటలో కృతజ్ఞత ఎంతో, ఫిర్యాదు ఎంతో విడదీయడానికి ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను. నా వల్ల కాలేదు.

ఈ బడి ఏం చేస్తుందో మీకు తెలుసు. చదువులో తోటివాళ్లను దాటి పరుగెత్తే పిల్లలను ఇక్కడే ఉంచి చదివిస్తారు. సిద్ధమైనవాళ్లను వయసు రాకముందే నగరంలోని కాలేజీకి పంపిస్తారు. పగలు కాలేజీ, సాయంత్రానికి మళ్లీ ఇక్కడికే. ఆ మళ్లీ ఇక్కడికే అన్న నియమం శాంతయ్య పెట్టింది. కాలేజీలో ఎంత పెద్ద చదువు చదివినా, సాయంత్రం అయిదింటికి తన ఈడువాళ్లతో కబడ్డీ ఆడి మోకాలు చీరుకోవాల్సిందే అనేవాడు.

పిల్లల గదుల్లోకి వెళ్లి చూడండి. ప్రతి మంచానికీ పేరు రాసిన అట్టముక్క ఉంటుంది. పేరు కింద వయసు, నెలలతో సహా. పదకొండేళ్ల నాలుగు నెలలు. పన్నెండేళ్ల తొమ్మిది నెలలు. నెల మారితే ఆ అంకె మార్చడం ఆయన పనే. కొత్త టీచర్లు నవ్వుకునేవారు. ఆయన అనేవాడు: "ఈ పిల్లకు ఎన్నేండ్లో అందరికి తెల్వాలె. తెలిస్తెనే అన్నేండ్ల పిల్ల లెక్క చూస్తరు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పట్లో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

నవీన్, వెనకాల నిలబడ్డావు, ఇలా ముందుకు రా. ఈ కొండకల్ పిల్లవాడు పదకొండేళ్లప్పుడు వారానికి రెండు రోజులు కాలేజీ లెక్కల తరగతికి వెళ్లేవాడు. మొదటి నెలంతా శాంతయ్య వెంట వెళ్లి, తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని ఆ లెక్చరర్లు నెల రోజులు టైముకు వచ్చారట. బస్సులో కండక్టరుకు వీడు కాలేజీ కార్డు చూపించి అర టికెట్ అడిగితే కండక్టరు అడ్డం తిరిగాడు: "కాలేజీకి పోతున్నవంటే ఫుల్లు. హాఫ్ గావాల్నంటే బడికి పో." బస్సంతా నవ్వింది. శాంతయ్య నవ్వలేదు. "అన్నా, లెక్కలు కాలేజీవి. పిల్లగాడు పదకొండేండ్లోడు. టికెట్ లెక్కలకు కొడ్తవా, పిల్లగానికి కొడ్తవా?" అన్నాడు. కండక్టరు హాఫే కొట్టాడు. వీడికి పన్నెండు నిండిన మర్నాడు, కండక్టరు అడగకముందే ఫుల్ టికెట్ కొట్టమన్నది కూడా శాంతయ్యే. ఆ మనిషికి వయసంటే అంత పట్టింపు. తగ్గించనూ తగ్గించడు, పెంచనూ పెంచడు.

ఆయన పొరపాట్లు చేయలేదా? చేశాడు. పూర్ణిమను పద్నాలుగేళ్లకు కాలేజీకి పంపించాడు. ఆ పిల్ల మూడు నెలలకే అన్నం మానేసింది, మాట మానేసింది. వెనక్కి తీసుకొచ్చి తొమ్మిదో తరగతిలో కూర్చోబెట్టాడు. ఊళ్లో నోళ్లు లేచాయి, కాలేజీ నుంచి తోలేశారని. మర్నాడు ప్రార్థనలో అందరి ముందు నిలబడి అన్నాడు: "తొందరపడ్డది నేను. పిల్లను ఎవ్వరేమన్నా అంటే నన్నన్నట్టే." హెడ్‌మాస్టర్లు ఉన్నారు ఇక్కడ, నాతో సహా. మనలో ఎంతమందిమి పిల్లల ముందు ఆ మాట అన్నాం? చేతులెత్తనక్కర్లేదు. పూర్ణిమ రెండేళ్ల తర్వాత తన వయసుకు తగిన తరగతిలో, తన వయసు స్నేహితులతో అదే కాలేజీకి వెళ్లింది. ఇవాళ తనే ఈ చాపలు పరిపించింది.

ఇక నా ఇంటి సంగతి. ఇది చెప్పకుండా కూర్చుంటే నేను ఇప్పటిదాకా చెప్పిందంతా పైపై మాటలే అవుతుంది.

నా మనవరాలు సాహిత్య ఈ బడి పిల్లే. పదమూడేళ్ల రెండు నెలలు. కాలేజీ వాళ్లు పరీక్ష పెట్టారు, పాసయింది. సీటు ఇస్తామన్నారు. పదిహేనేళ్లు నిండలేదు కనక వయసు మినహాయింపు ఉత్తర్వు కావాలి. దాని కోసం శాంతయ్య రిటైరయ్యాక కూడా అర్జీ పట్టుకుని మూడుసార్లు ఆఫీసుకు తిరిగాడు. నాలుగోసారి వెళ్లాల్సిన రోజు పొద్దున గుండె ఆగింది. ఉత్తర్వు ఇంకా రాలేదు. సీటుకు గడువు పద్దెనిమిది రోజులు.

శశిధర్, పైకి చూడకు, ఫ్యాను నీకేమీ సాయం చేయదు. నా కొడుకు మంచివాడే. రాజకీయాల్లో తిరుగుతాడు కనక ఏ పనికైనా దగ్గరి దారి వెతుకుతాడు. అయిదు రోజుల కింద ఒక అఫిడవిట్ తెచ్చి నా ముందు పెట్టాడు. పిల్ల పుట్టినప్పుడు దగ్గరున్న పెద్దదాన్ని నేనట. పుట్టిన తేదీ తప్పుగా నమోదైందట. అసలు తేదీ రెండేళ్ల ముందుదట. నేను సంతకం పెడితే వారంలో కొత్త సర్టిఫికెట్ వస్తుందట. "అమ్మా, ఒక్క సంతకమే గదనే, నీకు కొత్తనా?" అన్నాడు.

కొత్త కాదు. అదే బాధ. నా చెయ్యి ఆ పనిలో ఆరితేరింది.

సాహిత్య కూడా అడిగింది. మెల్లగా వచ్చి, నా కొంగు పట్టుకుని, "అవ్వా, రెండేండ్లే గద" అన్నది. శశిధర్‌కు జవాబు చెప్పడం నాకు సులువు. ఆ పిల్లకు చెప్పలేక అయిదు రోజులు తప్పించుకుని తిరిగాను. ఇవాళ మీ అందరి ముందు చెబుతున్నాను, మళ్లీ మనసు మార్చుకోవడానికి నాకు వీలు లేకుండా.

సాహిత్యా, నేను సంతకం పెట్టను. కాలేజీలో నువ్వు ఏడిస్తే పదమూడేళ్ల పిల్ల ఏడ్చింది అనుకోవాలి. నువ్వు భయపడితే పదమూడేళ్ల పిల్ల భయపడింది అనుకోవాలి. నీకు అన్నం పెట్టేవాళ్లకు, పాఠం చెప్పేవాళ్లకు, నీ పక్కన కూర్చునేవాళ్లకు నీ వయసు తెలిసి ఉండాలి. నీకు నా మీద కోపం వస్తుంది. రానీ. పదమూడేళ్లకు అవ్వ మీద కోపం రావడం సహజమే.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఆ అర్జీ పట్టుకుని నేను వెళ్తున్నాను. ఎల్లుండి కూడా వెళ్తాను. ఆఫీసులో కూర్చోబెడితే కూర్చుంటాను, నాకు వేరే పనేమీ లేదు. వేదిక మీది పెద్దలారా, ఫ్లెక్సీకి చూపించిన శ్రద్ధలో సగం ఆ అర్జీ మీద చూపించండి. ఇలాంటి అర్జీలు ఈ బడివి ఇంకా నాలుగున్నాయి. అయినా ఉత్తర్వు రాకపోతే? సీటు పోతుంది. ఒక ఏడాది ఆగుతుంది. తన ఈడు పిల్లల మధ్య, తన పేరు రాసిన మంచం మీద, తన అసలు వయసుతో ఆగుతుంది. ఆ ఏడాది పోతుందన్న బెంగ నాకూ ఉంది. ఉన్నా సరే.

శాంతయ్యా, ఇంకో పిల్లకు రాయొద్దన్నావు. రాయలేదు.

ఇప్పుడు అందరం లేచి రెండు నిమిషాలు మాట లేకుండా నిలబడదాం. పెద్దవాళ్లం కదలకుండా, ఫోన్లు తీయకుండా నిలబడదాం. పిల్లలను మాత్రం ఎవరూ అదలించకండి. ఏడుపొస్తే ఏడవనివ్వండి. నవ్వొస్తే నవ్వనివ్వండి. కాళ్లు లాగితే కూర్చోనివ్వండి.

లేవండి.