మీటరు ఎవరి వైపు

మచిలీపట్నంలో బస్టాండు వెనక సందు. ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు ఒక డీజిల్ పికప్పు ఆగి ఉంది. దాని కుడి తలుపు దగ్గర నూకరాజు, ఎడమ తలుపు దగ్గర అతని భార్య వీరదుర్గ నిలబడ్డారు. మధ్యలో, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, షాపు యజమాని శామ్యూల్ రాజ్.

“జూలై ఇరవై రెండు, మంగళవారం. కోడూరులో పెసరట్టు తిని బయల్దేరాం. నాకు బాగా గుర్తు, అన్నయ్య గారూ. మా ఆయన మూడు తిన్నారు.”

“రెండు.”

“మూడు. మూడోది నా ప్లేటులోది. చల్లపల్లి దాటగానే నాకు మాడు వాసన వచ్చింది. బండి వేడెక్కుతోందేమో చూడండి అన్నాను. పెసరట్టు వాసన నీ చేతికే ఉంది, కడుక్కో అన్నారు.”

“అంతమాట అనలేదని ఆవిడగారికి చెప్పండి, మేస్త్రి గారూ.”

“మూడు అడుగుల దూరంలో ఉన్నారు కదా నూకరాజు గారూ, మీరే చెప్పొచ్చు.”

“నేను చెప్పనండి. ఇరవై రోజులైంది మాటల్లేక. మానేసింది ఆవిడ.”

“ఎందుకు మానేశానో కూడా అడగండి. నీళ్ళ పైపు పగిలింది, ఇంజను ఉడికింది, బండి రోడ్డు మీద ఆగిపోయింది. వెనక పెట్టెలో ఐసంతా కరిగి కారిపోయింది. నా పండుగప్ప చేపలు, నా రొయ్యలు, ఒక్కటి మిగల్లేదు. ఎండలో నిలబడి ఈయనేమన్నారో తెలుసా? ఐసు నువ్వే తక్కువ వేశావు అన్నారు.”

“కోపంలో అన్నానండి.”

“నేనూ కోపంలోనే బస్సెక్కానండి. ఇన్నాళ్ళూ సరుకు ఈ బండిలో, నేను బస్సులో. రేపటి నుంచి సరుకు కూడా ఈ బండిలో కాదు, మా ఊరి నాగబాబు బండిలో. వస్తానన్నాడు. ఈ మీటర్లేవో బిగిస్తున్నారంటే చూసి పోదామని వచ్చాను, అంతే.”

“చూశాక నచ్చితే, అమ్మా?”

“నచ్చాలిగా.”

“ఒక్కటి చూడండి. ఆ రోజు అదృష్టం కొద్దీ బండి వంతెన మీద ఆగలేదు. వెనక లారీ ఏదీ లేదు. ఇంజను కూడా పూర్తిగా పోలేదు.”

“చెట్టు నీడ కూడా లేదండి.”

“సరే, నీడ లేదు. మిగతావి ఉన్నాయి కదా. ఇప్పుడు పనిలోకొద్దాం. మీటర్లు రెండు. ఇది ఇంజను వేడి చెప్తుంది. ఇది వెనక ఐసు పెట్టెలో చలి చెప్తుంది. ఎక్కడ పెట్టమంటారో తేల్చండి. డ్రిల్లు దింపాక ఆ రంధ్రాన్ని నేను పూడ్చలేను.”

“రెండూ నా ముందే. స్టీరింగు వెనక.”

“చక్రం అడ్డొస్తుంది. మెడ సాచి చూడాలి మీరు.”

“సాచుతాను.”

“అప్పుడు రోడ్డు ఎవరు చూస్తారో అడగండి, అన్నయ్య గారూ.”

“అయితే అద్దం పక్కన స్తంభానికి పెట్టండి. కుర్రాళ్ళ కార్లకి చూశాను, బాగుంటాయి.”

“అక్కడ పెడితే మలుపులో ఎదురొచ్చే గేదె కనపడదు. మోపిదేవి దగ్గర సాయంత్రం పూట ఎన్ని గేదెలొస్తాయో ఆయనకి తెలీదా?”

“ఆవిడ బస్సులో వెళ్తారు కదండీ. నా బండి ముందుకి గేదె వస్తే ఆవిడకెందుకు?”

“నేను గేదె గురించే అన్నాను.”

“సరే సరే. పైన, డ్యాష్‌బోర్డు మీద పెట్టండి.”

“ఎందుకు కుదరదో మీరే చెప్పండి, అన్నయ్య గారూ.”

“మధ్యాహ్నం ఎండ పడితే మీటర్లో ముల్లు కనపడదు. పైగా అక్కడ గంగమ్మ పటం ఉంది.”

“పటం కదపకూడదు.”

“పటం కదపకూడదు.”

“అమ్మయ్య, ఒక్క మాట మీదకొచ్చారు.”

“నేను మీతో అన్నానండి.”

“నేనూ మీతోనే.”

“పోనీ కింద, గేరు రాడ్డు దగ్గర?”

“అక్కడైతే మీటరుని ఆయన మోకాలే చూస్తుంది, కళ్ళు కాదు.”

“వింటున్నారా మేస్త్రి గారూ? ఇంట్లో కూడా ఇంతే. నాతో మాట్లాడకుండానే నన్ను రోజంతా తిడుతుంది. కూర గిన్నెతో చెప్తుంది, పిల్లితో చెప్తుంది.”

“పిల్లి వింటుందండి.”

“మా ఆవిడ ఝాన్సీ ఉన్న రోజుల్లో మేమూ ఒకసారి పదకొండు రోజులు మాట్లాడుకోలేదమ్మా. ఫ్యాను ముందు గదిలో పెట్టాలా, వంటింట్లోనా అని.”

“చివరికి ఎక్కడ పెట్టారు?”

“గుర్తు లేదు. ఆ పదకొండు రోజులు మాత్రం గుర్తున్నాయి. తిరిగొస్తే బాగుండనిపిస్తుంది. సరే, నేను చెప్పేది వినండి. స్టీరింగుకి కుడి పక్కన ఒక రంధ్రం. ఎడమ సీటు ముందు, సొరుగు పైన ఒక రంధ్రం. ఒప్పుకున్నట్టేనా?”

“ఏది ఎటు పెడతారు?”

“అది నాకొదిలేసి మీరిద్దరూ టీ తాగి రండి.”

“ఇద్దరమా?”

“ఒకరి తర్వాత ఒకరు తాగండి, నాకేం?”

అరగంట తర్వాత.

“తాగొచ్చారా? రండి, అయిపోయింది. ఎలా ఉన్నాయి?”

“మేస్త్రి గారూ, ఇది తారుమారైంది. నా ముందు ఐసు మీటరు పెట్టారు.”

“నా ముందు ఇంజనుది పెట్టారు. అంటే నా ముందని కాదు, ఖాళీ సీటు ముందు. నాకు కావలసింది ఐసుది కదా, అన్నయ్య గారూ?”

“ఇంజను వైరు ఎడమ నుంచి వచ్చిందమ్మా. ఐసు పెట్టె వైరు కుడి నుంచి వచ్చింది. పొడవు చాలలేదు.”

“చాలలేదా? అయితే ఇంక చేసేదేముందండీ.”

“అవును, ఏం చేస్తాం.”

“మార్చమంటే మారుస్తాను. నాలుగు స్క్రూలు, అయిదు నిమిషాల పని.”

“వద్దు.”

“వద్దులెండి, మీకెందుకు శ్రమ.”

“వైరు చాలలేదన్నవాడిని ఎలా మారుస్తానని ఇద్దరిలో ఒక్కరూ అడగరేం?”

“అడగాలనిపించలేదండి.”

“నాకూ తోచలేదు.”

“మంచిది. ఇంజను వెయ్యండి నూకరాజు గారూ, పనిచేస్తున్నాయో లేదో చూద్దాం.”

“వేశాను. వేడి ఎంతలో ఉందో ఆవిడని అడగండి.”

“ఆవిడ ఇంకా కిందే నిలబడ్డారు. ముల్లు ఎవరు చూడాలి?”

“ఎక్కుతానండి. చూడ్డానికే ఎక్కుతున్నాను.”

“ఆ, ఎక్కింది. ఎంతో అడగండి, మేస్త్రి గారూ.”

“బానెట్టు దగ్గరున్నాను. ఈ చప్పుడులో నాకేం వినపడదు.”

“... ఎంతుంది?”

“ఎవర్నండీ?”

“నిన్నే. దుర్గా, ఎంతుంది?”

“అరవై. ఎక్కుతోంది. డెబ్బై. తొంభై అయిదు దాటితే?”

“చెప్పు, ఆపేస్తాను.”

“చెప్తే ఆపుతారా?”

“ఆపుతాను. ఇంక వాసన గురించి ఒక్క మాట అనను.”

“మూడు పెసరట్లు.”

“సరే, మూడు.”

“నా ఐసు ఎంతుంది?”

“నాలుగు డిగ్రీలు. సరుకు దింపేసి ఆరు గంటలైంది, పెట్టెలో ఐసు సగమే మిగిలింది, అయినా నాలుగే చూపిస్తోంది. ఐసు నువ్వు తక్కువ వెయ్యలేదు దుర్గా. ఆ రోజు కూడా.”

“ఆ మాట అనడానికి ఇరవై రోజులు పట్టిందా?”

“అడిగితే కదా. నువ్వు పిల్లితో మాట్లాడుతుంటే నేనెవరితో చెప్పను?”

“ముందుకి చూడండి.”

“బండి కదల్లేదే.”

“అయినా ముందుకే చూడండి. నన్ను చూడొద్దు, నేను ఫోన్ చేసుకోవాలి... నాగబాబూ, నేను, వీరదుర్గని. రేపు పొద్దున్న నువ్వు రానక్కర్లేదులే. లేదు, బస్సులో కాదు. నాకిక్కడ మీటరు చూసే పని పడింది.”

“దుర్గా, తలుపు మెల్లిగా వేసుకో, వైర్లు కొత్తవి. నేను మేస్త్రి గారికి చెప్పేసి వస్తాను.”

“త్వరగా రండి. చీకటి పడకుండా మోపిదేవి దాటాలి.”

“మేస్త్రి గారూ, ఇటు రండి, ఈ పక్కకి. నిన్న నేనొచ్చి చెప్పినట్టే పెట్టారు, ఇంజను మీటరు ఆవిడ వైపు. నేను అడిగానని మాత్రం చెప్పకండి. ఇంట్లో తలెత్తుకోలేను.”

“చెప్పను. ఇలా చెప్పనని మాటివ్వడం ఇవాళ ఇది రెండోసారి.”

“మొదట ఎవరికిచ్చారు?”

“పొద్దున బస్సులోంచి ఆవిడ ఫోన్ చేశారు. ఐసు మీటరు మీ వైపు పెట్టమన్నారు, మీకు మాత్రం చెప్పొద్దన్నారు.”