మొనగత్తె మారెక్క

సుంకన్న అని ఒగడుండె. మాంచి ఒడ్డూ పొడుగూ. ఒగ యేడు రాతి గుండెత్తే పందెంలో నాలుగూళ్లోళ్లనీ ఓడగొట్టినాడు. ఇంగ జూస్కో, అందరూ "మొనగాడు, మొనగాడు" అని బుజాలకెత్తుకున్న్యారంట. ఏమైందంటే, ఆ వానకాలంలో సుంకన్నా, ఊరోళ్లు కొందరూ గొర్లు తోలుకోని వాగు నడిమి దిబ్బ మీదికి పోయినారు. పదిమంది మనుషులు, మున్నూరు గొర్లు అనుకో. పైన యాడో వాన గురిసినట్టుంది, సూస్తుండంగనే రెండు పక్కలా నీళ్లు. దిబ్బ తగ్గిపోతాంది, గొర్లు అరుస్తాండాయి. అందరూ సుంకన్న దిక్కే జూసినారు. మొనగాడివి గదప్పా, ముందు నడువు, నీ ఎనక మేమొస్తాం అన్న్యారు. వాడు మోకాలి లోతు దిగినాడు, నిలబడినాడు, ఎనక్కొచ్చినాడు. "నాకు నీళ్లంటే బయం. సిన్నప్పుడు మా అన్న ఈ వాగులోనే పోయినాడు" అన్న్యాడంట. ఎవురూ నవ్వల్యా. నవ్వేదానికి యాడుంది పానం?

వాళ్లల్లో మారెక్క అని ముండమోసినామె ఉండె. ఆమె గొర్లు పన్నెండే. కట్టె తీసుకోని లేసింది. "మొన అంటే ఏందిరా? కొస. కత్తికైనా దండుకైనా ముందుండే కొస. యాడన్నా దెబ్బ ముందు తగిలేది దానికే. గుండెత్తితే మొనగాడైతాడా?" అని, పెద్ద పొట్టేలు కొమ్ము పట్టుకోని నీళ్లల్లోకి దిగింది. కట్టెతో అడుగు సూసుకుంటా ఒగొక్క అడుగు. పొట్టేలు ఎనకాల గొర్లన్నీ బారుగా దిగినాయి, సుంకన్న తప్ప మనుషులూ దిగినారు. నడిమికి పొయ్యేతలికి గుంత. మారెక్క కాలు జారింది, తల మునిగింది. సుంకన్న ఇంగ దిబ్బ మీద ఉండల్యా, దిగినాడు. రెట్ట పట్టి లేపినాడు. "ఇడుస్తావేమో" అందంట ఆమె. "ఇడ్సనత్తా, నువ్వు నడువు" అన్న్యాడంట.

అవతలి గట్టెక్కి, మనుషులంతా ఉండారా అని సూసుకున్న్యారు. ఉండారు. గొర్లు ఒళ్లు ఇదిలించుకుంటాంటే, ఒగడు ఏడ్సినాడు, ఒగడు నవ్వినాడు. ఊర్లోకొచ్చినాక మళ్లీ సుంకన్ననే మొనగాడా అని పిలిస్తే, "నన్ను కాదప్పా, ఆయమ్మను పిలువు" అన్న్యాడంట. ఆడమనిషిని ఏమని పిల్సాల? మొనగత్తె అన్న్యారు.

సదువుకున్నోళ్లు ఈ మాటకు ఏం పుట్టుక సెప్తారో నాకు తెల్దు. మా ఊర్లో మటుకు పందెం గెల్సినోన్ని "గెల్సినాడులే" అంటారు, అంతే. మొనగాడు అనాలంటే, ఇంగా సూడాల అంటారు.