పొన్నుతాయి నోట్లో ఏమీ పెట్టకండి

సభకు పెద్దగా కూర్చున్న ఈ కంపెనీ యజమాని, ముదలాళి తంగసామి అయ్యగారికి, పక్కనున్న పెద్దలకు, పాకం పొయ్యిల దగ్గర చేతులు కడుక్కొని నేరుగా వచ్చిన అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు కమలమ్మాళ్ నమస్కారం. ఈ రోజు పని మానుకుంటున్న పొన్నుతాయికి నేను పెద్దక్కను. విరుదునగర్ నుంచి వచ్చాను. అందరం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే గనుక ఇందులోనే నాలుగు మాటలు చెప్పి దిగుతాను.

మొదటి మాట. అయ్యగారి ముందున్న పళ్ళెంలోని వేరుశనగల కడలైమిఠాయిని దయచేసి ఎవరూ మా చెల్లెలి నోటికి అందించవద్దు. (గుసగుసలు) మాల వేశాక తలా ఒక ముక్క తినిపించడం ఈ కంపెనీ మర్యాద అని తెలుసు. కోపగించుకోకండి, కారణం చెబుతాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడ బెల్లం పాకం ఎప్పుడు దించాలో చెప్పింది తన పళ్ళే. నీళ్ళలో ఒక చుక్క వేసి, గట్టిపడ్డదాన్ని దవడపళ్ళ మధ్య పెట్టి కొరికేది; అంటుకుంటే ఇంకా కాగాలి, టక్కున విరిగితే దించాలి. ఒకసారి లారీ నిలబడి ఉందని అయ్యగారు తొందరపెట్టారట.

"సాలు పొన్నుతాయీ, దించు."

"పంటికి పట్టుకుంటాది అయ్యా. ఇంకా రెండు నిమిషం."

"ముదలాళి నువ్వా, నేనా?"

"ముదలాళి మీరే. పల్లు నాది."

(నవ్వులు) అయ్యగారే నవ్వుతున్నారు, ఇక నాకు భయం లేదు.

రెండేళ్ళ కిందట తన ఎడమ చెవి కింద గడ్డ లేచింది. మదురైలో కోశారు, గడ్డ మళ్ళీ రాకుండా రేడియేషన్ కరెంటు పెట్టారు. అంతవరకు మీకు తెలుసు. తర్వాత లాలాజలం ఎండిపోయిందని తెలియదు. ఎంగిలి అని తుడిచి పారేసేదానికి ఇంత పని ఉందని నాకూ తెలియదు. ఆసుపత్రిలో మింగడం నేర్పే అమ్మాయి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది: చెవుల కింద, దవడ కింద, నాలుక కింద గ్రంథులు ఉంటాయట, ముందుపళ్ళు కొరికి, కోరపళ్ళు చీల్చి, దవడపళ్ళు నూరినదాన్ని వాటి నీరే తడిపి ముద్ద చేస్తుందట, నాలుక ఆ ముద్దను వెనక్కి తోస్తే గొంతు పైకి లేచి, ఊపిరి ఒక్క క్షణం ఆగి, ఊపిరిగొట్టం మీద చిన్న మూత పడుతుందట, ముద్ద పక్క దారిలో దిగిపోతుందట. మనం రోజూ వందలసార్లు తలుచుకోకుండా చేసే పని. మా చెల్లెలికి ఆ మూత ఆలస్యంగా పడుతుంది. పొడి పలుకు ఒక్కటి చాలు, ఊపిరిగొట్టంలో పడడానికి.

పోయిన నెల నా మనవరాలి చెవులు కుట్టే రోజు ఎవరో ప్రేమగా తన నోట్లో లడ్డు పెట్టారు. వద్దనడం తనకు రాదు. దగ్గి దగ్గి పెదవులు నీలమయ్యాయి. రోజూ గోవిందనామం చెప్పుకునే దాన్ని, ఆ నిమిషం నా నోట అది కూడా రాలేదు.

రాత్రి మా ఇంట్లోనే ఉంది; పొద్దున ఇద్దరం వస్తుంటే సాత్తూరు దాటాక బస్సులో నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మేడై ఎక్కి అందరి ముందర నా నోటి సంగతి ఎత్తితివంటే లేసి పోతాను, సెప్తిని సూడు." సరే అన్నాను. గోవిందనామం చెప్పుకొని వచ్చిన నోటితోనే అన్నాను. ఇప్పుడు మాట తప్పుతున్నాను. ఆ పళ్ళెం కళ్ళెదుట ఉండగా నోరు మూసుకొని కూర్చోలేను.

ఇంకొకటి. ప్రతి చెంచాకూ గడ్డం రొమ్ముకు ఆనించి రెండుసార్లు మింగాలి. నలుగురిలో అలా తినడానికి సిగ్గు. అందుకే మధ్యాహ్నం మీతో కూర్చోక గిడ్డంగి వెనక్కి పోయేది. పొన్నుతాయికి పొగరెక్కిందని మీలో కొందరు అనుకున్నారట. మారిసెల్వీ, తల దించుకోకు తల్లీ. నేనైనా అదే అనుకుందును. ఈ రోజూ ఈ సభ కోసమే పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఒంటిగంట దాటింది. జావ నా సంచిలోనే ఉంది.

(పొన్నుతాయి కుర్చీలోంచి లేచారు.)

లేచావా? కోపముంటే ఇంటికి పోయాక తిట్టు తల్లీ. అందరి ముందూ పోకు.

"అంతా సెప్పేస్తివే. ఇంక దాచేదేముంది? గిన్నె ఏడ అక్కా?"

ఇదిగో. కూర్చో. తంగసామి అయ్యా, పళ్ళెం కాస్త పక్కన పెట్టించండి. అందరూ ఒక్క నిమిషం తనను పలకరించకండి. పలకరిస్తే జవాబు చెప్పబోతుంది. చిన్న చెంచా. గడ్డం దించు. మింగు. మళ్ళీ మింగు.

(విరామం)

దిగింది.

తనను ఇన్నేళ్ళు చూసుకున్న మీ అందరికీ దండాలు. గిన్నెలో ఇంకా చాలా ఉంది, నేను పక్కన కూర్చోవాలి. సెలవు.